బరాత్‌లో దిగిన అవ్వ

నా పెండ్లికి డప్పులు వద్దని నేనే పట్టుబట్టాను. బైబిల్ చదివే ఇంట్లో ఆ చిందులేమిటన్నది నా వాదన. శ్రీరాంపూర్ గనిలో పనిచేసే మా బాపు నాకు ఎదురు చెప్పలేదు గాని, ఆయన ముఖం చిన్నబోయింది.

ఆ వారంలోనే మంచిర్యాల నుంచి కరీంనగర్ పోయే బస్సులో కానా ఊరి పెండ్లి కథ చదువుకుంటున్నాను. పక్క సీట్లో కూర్చున్న ముసలవ్వ నా ఒళ్లోని బైబిల్ చూసి సంబరపడింది.

"నేను సుత చర్చికి పోతా బిడ్డా. ఏం చదువుతున్నవ్?"

చెప్పాను. అంతలో బస్సు ఆగిపోయింది. రోడ్డు నిండా ఎవరిదో పెండ్లి బరాత్, డప్పుల మోత. నేను కిటికీ అద్దం మూసేశాను. అవ్వ నవ్వింది.

"నువ్వు చదివే గా పెండ్లికి యేసయ్యను పిలిస్తే ఏంజేసిండు?"

"పోయిండవ్వా. ద్రాక్షారసం అయిపోతే నీళ్లనే ద్రాక్షారసం చేసిండు."

"ఎందుకు? పెండ్లోళ్ల సంబురం తక్కువ కావొద్దనే గద! మనం అద్దం మూసుకుంటే ఎట్ల?"

తన సంచి నా ఒళ్లో పెట్టి బస్సు దిగింది. కొంగు నడుముకు చెక్కుకుని, బరాత్‌లో ఆడుతున్న ఆడవాళ్ల మధ్యకు పోయి, రెండు చేతులూ ఎత్తి ఆడింది. బస్సంతా చప్పట్లు కొట్టింది. రొప్పుతూ తిరిగొచ్చి, "జర నీళ్లియ్యి బిడ్డా" అని నా సీసా ఖాళీ చేసింది.

కరీంనగర్‌లో దిగగానే బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, డప్పులోళ్లను మళ్లా రమ్మని చెప్పు."

 బాపు పెద్దగా నవ్వాడు.

"వాళ్లను వద్దని నేనెప్పుడు చెప్పిన బిడ్డా?"