నా నోట్లో టార్చిలైటు

చిన్నూ, బుజ్జీ! పొగాకు మీద, అదే మన తంబాకు మీద, పది ఆరోగ్యపు మాటలు, అర్థాలతో సహా రాసుకురమ్మని పుణేలో మీ బడివాళ్లు చెప్పారన్నారు కదా. పది కాదు, పదిహేను చెబుతాను. పుస్తకం తెరవక్కర్లేదు. ఒక్కో మాటకూ నా పరువులోంచి ఒక్కో ముక్క కోసి ఇచ్చి నేర్చుకున్నాను. ఆ రోజు మా వాడ ఆడవాళ్లు నవ్విన నవ్వుకు అంగన్‌వాడీ పైకప్పు రేకులు ఎగిరిపోలేదంటే, వాటి మేకులు గట్టివన్నమాట.

అప్పుడు మీ తాత ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. రోజంతా పత్తి దుమ్ము, మధ్యమధ్యలో బీడీ. సాయంత్రం ఆయనకంటే ముందు ఆయన దగ్గు ఇంటికొచ్చేది. మలుపులో దగ్గు వినపడగానే నేను చాయ్ పెట్టేదాన్ని. మిల్లు సైరన్ అయినా ఒక్కోసారి తప్పేదేమో గానీ ఆ దగ్గు తప్పేది కాదు.

ఒకనాడు మిల్లు మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి చూశాడు.

"ఊపిరితిత్తులు కరాబైతున్నయ్. బీడీ బంద్ చేస్తే ఉన్న ఊపిరన్న నిలుస్తది. లేకుంటే మంచంల పడుతవ్."

మీ తాత శ్రద్ధగా విన్నాడు. బయటికొచ్చాడు. ఆ పరేషాన్ తట్టుకోలేక ఒక బీడీ ముట్టించాడు.

ఆ రోజు నుంచీ నేను దీక్ష పట్టాను. నెలకోసారి అంగన్‌వాడీలో నర్సు సిస్టరమ్మ మీటింగు పెట్టేది. ముందు వరసలో నేనే. నికోటిన్ అంటే ఏమిటి, ఆయాసం ఎందుకొస్తుంది, పక్కవాళ్లు వదిలిన పొగ మనం పీలిస్తే ఏమవుతుంది, అన్నీ బట్టీ పట్టాను. మీ తాత అన్నం ముద్ద ఎత్తినప్పుడల్లా ఒక్కో మాట వదిలేదాన్ని.

"నికోటిన్ అంటే ఎరికేనా? నీతోని మల్ల మల్ల బీడీ ముట్టిపిచ్చేది గదే!"

"నాతోని బీడీ ముట్టిపిచ్చేది నికోటిన్ కాదే. నీ నోరు."

"నీది వ్యసనం. అంటే గులాంగిరీ."

"గులాంగిరీ నాకు లగ్గమైననాడే అలవాటైందిలే."

ఇట్లా ఒక నెల పోరగా పోరగా ఆయనకే విసుగొచ్చింది.

"సరే, విను. ఇంట్లకెల్లి తంబాకు అన్నది మొత్తం తీసెయ్యి. నేను బీడీ ముట్ట. గని మల్ల మనింట్ల ఏడనన్న రవ్వంత తంబాకు దొరికిందనుకో, నా బీడీ నాకే. ఇగ నువ్వు నోరెత్తద్దు."

"ఖరారా?"

"ఖరారే."

"గట్లయితే గీ మాట సిస్టరమ్మ ముంగట చెప్పు."

సాక్షుల్ని కూడా పెట్టాను చూశారా! ఎంత తెలివో!

మరుసటి మీటింగుకు మీ తాతను చెయ్యి పట్టి లాక్కుపోయాను. ఆయన జేబులోంచి బీడీ కట్ట తీసి, పిల్లను అత్తగారింటికి పంపుతున్నంత దిగులుగా సిస్టరమ్మ టేబుల్ మీద పెట్టాడు. నేను నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచాను.

"ఇగ మా ఇంట్ల తంబాకు ముచ్చటే లేదు! నేనైతే పుట్టి బుద్ధెరిగినకాంచి ముట్టనే లే!"

చప్పట్లు. పక్కింటి శాంతాబాయి, మరాఠీ ఆమె, అందరికంటే గట్టిగా కొట్టింది.

సిస్టరమ్మ మురిసిపోయింది. "శానా మంచిదమ్మా. ఇయ్యాల అందరి నోర్లు చూస్తం. తంబాకుతోని నోట్ల మచ్చలు, పుండ్లు అయితయ్. ముందుగాల మీరే రాండ్రి."

సన్మానానికి పిలిచినట్టు పోయి కూర్చున్నాను. నోరు తెరిచాను. టార్చి వేసింది. ఆమె ముఖంలో మురిపెం ఆరిపోయింది.

"పండ్లు గింత నల్లగున్నయేందమ్మా? చిగురు మీద తెల్ల మచ్చ గూడ ఉన్నది. దేంతోని తోముతరు?"

"మిషిరితోని, సిస్టరమ్మా. పండ్ల మందు. శాంతాబాయే నేర్పింది. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. మనసు మంచిగ లేకుంటే నడిమిట్ల గూడ."

"దాన్ని ఎట్ల చేస్తరు?"

"ఆకును పెంక మీద నల్లగ ఏంచి, మెత్తగ దంచుతం."

"ఏం ఆకు?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. అంతవరకు అందరికీ వినపడిన నా గొంతు నాకే వినపడలేదు.

"తంబాకాకు."

అక్కడితో నేను ఆగొచ్చు కదా? ఆగలేదు.

"గని సిస్టరమ్మా, కాలినంక అది తంబాకెట్లయితది? కట్టె కాలితే కట్టె అంటమా? బొగ్గంటం! గిది గూడ గట్లనే!"

పిల్లలూ, ఒట్టు, నేను నిజంగానే అట్లా అనుకున్నాను. ఏళ్ల తరబడి అనుకున్నాను. చప్పట్లు కొట్టిన శాంతాబాయి చేతులు అప్పటికే ఆమె నోటికి అడ్డం పోయాయి.

"కాల్చినా నికోటిన్ పోదమ్మా. చిగుర్లకెల్లి రక్తంల కలుస్తది. మీరు గూడ తంబాకు మనిషే."

వెనక వరసలో మీ తాత మెల్లగా లేచాడు. వింతేమిటంటే ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

"సిస్టరమ్మా, జర నా కట్ట నాకియ్యుండ్రి. మా ఇంట్ల తంబాకు దొరికింది. తనంతట తనే మీటింగుకొచ్చి, భాషణమిచ్చి మరీ దొరికింది."

ఇక చూడండి నవ్వులు! ఒకామె నవ్వలేక బెంచీ మీదినుంచి జారింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన వేళ్లు బీడీ కట్టకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. మెట్ల మీద కూలబడిన మనిషి నా కళ్లముందు కనిపించాడు. రొండిన దోపుకున్న మిషిరి డబ్బీ లాగి, ఆ కట్ట మీద టప్పున పెట్టాను.

"తీసేసిన! ఇగ లేదు. ఇప్పుడు ముట్టు, చూస్త!"

ఆయన డబ్బీని చూశాడు. నన్ను చూశాడు.

"నువ్వు ఇడుస్తవా?"

"నువ్వు ఇడిస్తే ఇడుస్త."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వ్యసనం అన్న మాటకు అర్థం నాకు ఆ వారమే తెలిసింది. మొదటి రోజు తలనొప్పి. రెండో రోజు చాయ్‌లో ఉప్పు వేశాను. మూడో రోజు గుడ్డు చిన్నగా పెట్టిందని కోడిని తిట్టాను. నాలుగో రోజు పెరట్లోకి పోయి, ఆకు వేయించే ఆ నల్ల పెంకను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. వెనకనుంచి మీ తాత.

"ఏం జేస్తున్నవే?"

"పెంక తోముతున్న."

"ముక్కుతోనా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పక్కన కూర్చుని గుప్పెడు సోంపు తీసి సగం నా చేతిలో పోశాడు.

"నాకు గూడ గట్లనే అయితున్నదే. ఏం జేద్దాం, నములు."

నెలరోజులు ఆయనకు పాఠాలు చెప్పాను గానీ, నీకెట్లా ఉందని ఒక్కసారి అడగలేదని అప్పుడు తట్టింది. ఇద్దరం సోంపు నమిలాం, మేకల జంటలాగా.

నా చిగురు మీది మచ్చకు దవాఖాన చుట్టూ చాలాసార్లు తిరిగాను. మెల్లగా మానింది. మీ తాత ఊపిరితిత్తులు కొత్తవి కాలేదు, కానీ ఉన్న ఊపిరి నిలిచింది. మిల్లు మెట్లు ఆగకుండా ఎక్కిన రోజున ఇంటికొచ్చాడు, దగ్గు లేకుండా. నాకు తెలియక చాయ్ పెట్టలేదు. దానికి అలిగాడు!

ఇన్నేళ్లయినా పొద్దున్నే టార్చి పట్టుకుని మంచం దగ్గర నిలబడతాడు. "డాక్టరమ్మా, జర నోరు తెరువు." తెరుస్తాను. తర్వాత ఆయన జేబులు నేను వెతుకుతాను. మాకిదే సుప్రభాతం.

కాబట్టి పిల్లలూ, ఆ నల్ల పెంక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరికి ఏ బోధ చేయాలన్నా, ముందు నా నోట్లో నేనే టార్చి వేసుకుని చూసుకుంటాను. మీ కాగితంలో మొదటి మాటగా మిషిరి అని రాయండి. అర్థం: కాల్చినా తంబాకే. కింద రెండు గీతలు కొట్టండి. మిగతా మాటలు ఈ కథలోంచే ఏరుకోండి. నా పేరు మాత్రం రాయకండి.