పెద్దనాయన పేరు మీద నీళ్లు

సింగపూర్ టూర్ మూడో రోజు పొద్దున హోటల్లో ఉప్మా తింటూ, తాను అందరితో బజారుకు రానని సుబ్బులమ్మ తేల్చి చెప్పేసింది.

"మరి యాడికి పోతావక్కా?" అంది పక్కనే కూర్చున్న నాగలక్ష్మి.

"యుద్ధంలో పోయిన సిపాయిల శ్మశానం ఉందంట ఈడ. ఆడికి."

నాగలక్ష్మి చెంచా పళ్లెంలో పడేసింది. "మార్కాపురం నుంచి విమానమెక్కి వచ్చింది శ్మశానం చూడ్డానికా? పోయొచ్చినాక తల మీద నీళ్లు పోసుకోవాలి గదా. ఆ గాజుగదిలో కుళాయి ఎట్ల తిప్పాలో నాకింకా తెలిసి చావలేదు!"

"నేను తిప్పుతాలే. నువ్వు రా."

మార్కాపురంలో నాగలక్ష్మి వాళ్లది గాజుల దుకాణం. ఆ వెనక వీధిలోనే సుబ్బులమ్మ ఇల్లు. నలభై ఏళ్లుగా ఒకరి వంటింట్లో పోపు వేస్తే రెండో ఇంట్లో తుమ్మేవాళ్లు. ఈ టూరుకు సుబ్బులమ్మ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో నాగలక్ష్మికి ఇప్పుడు అర్థమైంది.

సుబ్బులమ్మ తండ్రి పలకల గనిలో రాయి చీల్చేవాడు. ఆయన అన్న యల్లయ్యదీ అదే పని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, రాళ్లు పేల్చడం తెలిసినవాడని పంతొమ్మిదో ఏట యల్లయ్యను పట్టాళంలోకి తీసుకున్నారు. సింగపూర్ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత మనిషి కనిపించడం లేదని సర్కారు కాగితం వచ్చింది. అంతే.

అప్పుడు పన్నెండేళ్లవాడైన తమ్ముడు ఆ కాగితాన్ని చచ్చేదాకా నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయాడు. ఏటా పెద్దల అమావాస్యకు తల్లికీ తండ్రికీ ముద్ద పెట్టేవాడు గానీ అన్నకు పెట్టేవాడు కాదు. గడప దగ్గర విడిగా విస్తరి వేసి, బతికున్న చుట్టానికి వడ్డించినట్టు నిండుగా వడ్డించేవాడు. సాయంత్రానికి దాన్ని ఆవుకు పెట్టేవాళ్లు. "బతికుంటే వచ్చి తింటాడు. పోయుంటే అగ్గి దొరికిందో, కుక్కలు పీక్కుతిన్నాయో తెలీకుండా ముద్ద ఎట్ల పెట్టేది?" అనేవాడు. పదేళ్ల కింద పోయేముందు కూడా కూతురి చేయి పట్టుకుని ఆయన అడిగింది ఆ ఒక్క మాటే, అన్నకు అగ్గి దొరికిందా అని. ఆయన పోయాక కొడుకు కోటేశ్వర్లు కూడా అట్లాగే గడప దగ్గర విస్తరి వేస్తున్నాడు.

ఉత్తరాల మీదున్న పెద్దనాయన పట్టాళం నంబరు మాత్రం సుబ్బులమ్మకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు నాయన కొత్త పలక ఏది తెచ్చినా మొదట ఆ ఐదంకెలే రాయించేవాడు. అక్షరాల కంటే ముందు ఆమెకు అవే వచ్చాయి.

గిద్దలూరు కుర్రాడు శ్రీకాంత్ వాళ్ల టూర్ గైడు. తక్కినవాళ్లను బజారు దగ్గర దించి, వీళ్లిద్దరినీ ఆ శ్మశానం ఉన్న క్రాంజికి రైల్లో తీసుకెళ్లాడు. దారి పొడుగునా సుబ్బులమ్మ ఊరుకుంటేనా? డ్రైవరు లేకుండా రైలెట్ల పోతుంది, ఎదురుగా కూర్చున్నామెకు పిల్లలెంతమంది, నీకు పెళ్లి ఎందుకు కాలేదు? శ్రీకాంత్‌కు చెమటలు పట్టాయి.

శ్మశానం గుట్ట మీద ఉంది. కత్తిరించిన పచ్చగడ్డిలో తెల్లరాళ్లు వరుసలు వరుసలుగా నిలబడి ఉన్నాయి. సుబ్బులమ్మ చేయి దానంతటదే పోయి ఒక రాయిని వేలి కణుపుతో కొట్టింది. గనిలో అందరికీ ఉన్న అలవాటే అది. పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది.

"తలుపు కొడుతున్నావా అక్కా? ఎవురన్నా పలికితే నేను ఈన్నే పడిపోతా," అంది నాగలక్ష్మి.

"మంచి రాయి. పగుల్లేదు."

గుట్ట పైన పెద్ద పెద్ద గోడల నిండా పేర్లున్నాయి. శ్రీకాంత్ నెమ్మదిగా చెప్పాడు. "పెద్దమ్మా, శవం దొరకని వాళ్ల పేర్లు ఇవి. ఇరవై నాలుగు వేలకు పైనే. ఎవరి పేరు ఎక్కడుందో వెతకడానికి పుస్తకం ఉంటుంది."

సుబ్బులమ్మ మెట్టు మీద కూలబడింది. నాయన మాట ఆ గోడంత పెద్దదై ఎదురుగా నిలబడినట్టుంది. "వద్దులే. ఈన్నుంచే పోదాం. ఈ గోడ మీద ఉంటే మా కోటేశ్వర్లుకు ఏమని చెప్పేది?"

వచ్చిన దగ్గర్నుంచీ సణుగుతున్న నాగలక్ష్మే ఆమె చేయి పట్టి లేపింది. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే, ఇంటికి పోయినాక నువ్వు నన్ను నిద్దర పోనిస్తావా? శ్రీకాంతూ, పుస్తకం ఉంటుందన్నావే, తీ నాయనా."

శ్రీకాంత్ పేర్ల పుస్తకం తెచ్చి తిరగేశాడు. సుబ్బులమ్మ అంకెలు చెబుతోంది, అతని వేలు కిందికి దిగుతోంది. ఆ గోడల పుస్తకంలో నంబరు లేదు. మళ్లీ చూశాడు, లేదు. అంతలో గడ్డి కోస్తున్న తమిళ తోటమాలి వచ్చి ఏమిటని అడిగి, ఇంకో పుస్తకం చూపించాడు. అది పలచటిది. నాలుగో పుటలో శ్రీకాంత్ వేలు ఆగింది.

"ఉందమ్మా! యల్లయ్య, ఇదే నంబరు."

"అదేం పుస్తకం?"

"మన ఆచారం ప్రకారం దహనం చేసిన వాళ్లదంట పెద్దమ్మా. వాళ్లకు వేరే పేర్ల రాయి ఉందంట. ఆ కబురు మీ ఇంటిదాకా చేరలేదేమో."

గుట్ట ఎక్కేటప్పుడు నాలుగుసార్లు ఆగిన సుబ్బులమ్మ, ఆ రాయి దగ్గరికి వాళ్లిద్దరికంటే ముందు చేరింది.

కానీ ఎండ మిటమిటలాడుతోంది. ఆ వెలుగుకు రాతి మీద అక్షరాలు అలికినట్టు కలిసిపోయాయి. శ్రీకాంత్ కళ్లు చిట్లించి వరుస మాత్రం చూపించగలిగాడు. సుబ్బులమ్మ చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, అరచేతిలో పోసుకుని ఆ వరుస మీద చల్లి తుడిచింది. గీత కనబడని పలకను ఎవరైనా అట్లాగే తడుపుతారు. తడిసిన రాయి నల్లబడింది. తెల్లగా పేరు తేలింది. ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు పోనిచ్చింది.

వెనక నాగలక్ష్మి గొంతు సన్నగా వినిపించింది. "అక్కా, నువ్వేం చేసినావో చూసినావా? పెద్దాయనకు నీళ్లు వదిలినావు."

సుబ్బులమ్మ తడి చేతిని చూసుకుంది. రాయి మీద నుంచి నీళ్లు గడ్డిలోకి కారుతున్నాయి. ఎనభై ఏళ్లుగా ఇంట్లో ఎవరూ ఇవ్వలేకపోయిన నీళ్లు అవి. ఏడుస్తుందనుకున్నాడు శ్రీకాంత్. ఆమె నవ్వింది.

నాగలక్ష్మి తన సీసా కూడా తీసింది. కిందా పైనా ఉన్న పేర్ల మీద కొంచెం కొంచెం చల్లుతూ, "వీళ్లకు ఎవురన్నా వచ్చినారో లేదో," అనుకుంది.

సుబ్బులమ్మ అక్కడి నుంచే తమ్ముడికి ఫోన్ చేయించింది. "ఒరే కోటేశ్వర్లూ, పెద్దనాయనకు అగ్గి దొరికిందిరా. పేరు కూడా చెక్కినారు, మంచి రాయి."

"అయితే అక్కా, ఈ ఏడు గడప కాడ విస్తరి వద్దా?"

"వద్దు. లోపలికి తెచ్చి నాయన పక్కన పెట్టు. అన్నదమ్ములిద్దరూ కలిసి తింటారు."

"ఆయనకేం ఇష్టమో మనకేం తెలుసు?"

"సజ్జరొట్టె, గోంగూర. నాయన చెప్పేవాడు గదా, అన్న నా వాటా కూడా తినేసేవాడు అని. ఈసారి నీ పెళ్లాన్ని నాలుగు రొట్టెలు ఎక్కువ చెయ్యమను."