ఆ గంటా పది నిమిషాలు

నిరుడు ఓ శుక్రవారం పొద్దున హైటెక్ సిటీలో ఆఫీసు లిఫ్ట్ ఎక్కుతుంటే పాలకొండ నుంచి మావయ్య ఫోన్ చేశాడు. "అమ్మమ్మ పోయిందిరా. పొద్దు గుంకేలోగా తీసేయాలి. నువ్వొచ్చి పాడె పట్టాలి."

నన్ను పెంచింది అమ్మమ్మే. పదకొండున్నర విమానానికి వెళ్తానని మేనేజర్‌ని అడిగాను. ఆయన ఫోన్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి, నా ముందు పెట్టాడు.

"చూడు, వైజాగ్‌కు గంటా పది నిమిషాలే. గింత పరేషాన్ ఎందుకు? క్లయింట్ కాల్ అయినంక పో."

నేను తలూపాను.

కాల్ ఒంటిగంటకు ముగిసింది. ట్రాఫిక్‌లో శంషాబాద్ చేరడానికే గంటన్నర పట్టింది. వైజాగ్‌లో దిగాక పాలకొండకు కారులో మూడు గంటలు. నేను వెళ్లేసరికి చితి సగం కాలిపోయింది. పాడె ఎవరో పక్కింటాయన పట్టాడట.

వారం తర్వాత మేనేజర్ పలకరించాడు. "టైముకు అందినవా?"

"మీరు చూసింది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం సార్. మా అమ్మమ్మ ఎయిర్‌పోర్టులో లేదు!" ఫ్లోరంతా తిరిగి చూసేలా అరిచాను.

ఆయన మీద కోపం ఆ అరుపుతోనే సగం పోయింది. ఆ ఫోన్ చూసి తలూపిన నా మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.