శవాలను పలకరించే మాస్టారు

మాస్టారికి ఒకటే జబ్బు. శవం కనిపిస్తే పలకరించకుండా ఉండలేరు.

బతికున్నవాళ్ళు నమస్కారం పెడితే తల ఊపి ఊరుకునే మనిషి, శిక్షణ గదిలో నేల మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ ముందు మాత్రం టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, "నమస్కారమండీ, రావడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అనేవారు. హత్య కేసుల్లో ఆయనంత మొనగాడు లేడని డిపార్ట్‌మెంటంతా ఒప్పుకునేది. ఒప్పుకుంటూనే చూపుడువేలు కణత దగ్గర గిర్రున తిప్పి చూపించేది.

హత్యలు, గాయాల దర్యాప్తు నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చిన ఎస్సైల్లో మీసాలాయన ఒకడు. ఆ మీసం చూస్తే దొంగలు అడక్కుండానే జేబులు బోర్లించేవారు. అంతటివాడికీ నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొదటిరోజు పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి బొమ్మ చొక్కా మీద పోశారు. అది నెత్తురు కాదని చీమలు కూడా కనిపెట్టి బారులు తీరాయి. ఈయన మాత్రం బొమ్మ పక్కనే బొమ్మలా పడిపోయాడు.

"మాస్టారూ, రెండో శవానికి కూడా ఫొటోలు తియ్యమంటారా?" అన్నాడు ట్రాఫిక్ నుంచి వచ్చిన బక్కాయన.

గది ఘొల్లుమంది. మాస్టారు వెంటనే బొమ్మ చెవి దగ్గరికి వంగి, "మీకు తోడొచ్చాడండీ. కాస్త అటు జరుగుతారా?" అన్నారు. అంతే, నవ్వంతా దారి మళ్ళి ఆయన మీద పడింది. మీసాలాయన లేచి మొహం కడుక్కొచ్చేసరికి అతడి సంగతి ఎవరికీ గుర్తులేదు.

రోజూ ఇదే తంతు. బొమ్మ చేతులకు కాగితం సంచులు తొడిగేటప్పుడు, "గోళ్ళలో ఉన్నది రాలిపోకుండా కడుతున్నామండీ, బిగుతైతే చెప్పండి" అని జవాబు కోసం ఆగేవారు. ఒకసారి బక్కాయన గోడవారగా రాకుండా నెత్తుటి మరకలు తొక్కుకుంటూ నడిచొచ్చాడు.

"ఆయన సాక్ష్యం తొక్కేశావు. క్షమాపణ చెప్పు!"

"బొమ్మకా సార్?"

"నాకెందుకయ్యా, నన్ను తొక్కావా?"

బక్కాయన చేతులు కట్టుకుని రబ్బరుకు క్షమాపణ చెప్పుకున్నాడు. "గట్టిగా చెప్పు, ఆయనకు వినపడలేదట" అన్నారు మాస్టారు.

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నా, మీసాలాయన గుండెల్లో మాత్రం రాయి పడే ఉంది. శిక్షణ చివర మార్చురీలో పరీక్ష. నిజం శవం మీద గాయాలు చూసి చెప్పాలి. కళ్ళు తిరిగాయా, పాత పనికి తిరుగుటపా: స్టేషన్ వెనక తుప్పు పట్టిన బళ్ళకు కాపలా. భార్య అప్పుడే చుట్టాలందరికీ "మావారు హత్యల ఆఫీసరు" అని చాటేసింది. మామగారైతే పక్కింటాయన మీద అనుమానాలన్నీ అల్లుడి కోసం పోగేసి ఉంచారు.

పరీక్షరోజు రానే వచ్చింది. చల్లటి గది, ఘాటైన మందుల వాసన, బల్లమీద ఒకాయన. తాగి మెట్ల మీంచి పడి పోయాడని ఇంట్లోవాళ్ళ మాట. దుప్పటి తియ్యగానే మీసాలాయన మీసం రెండు వైపులా వాలిపోయింది.

మాస్టారు టోపీ తీశారు. "నమస్కారమండీ. తాగి పడ్డారటగా? ఈ వయసులో అవసరమా?"

బల్లమీద ఆయన పలకలేదు.

"మాట్లాడరేం? ఒప్పుకున్నట్టేనా? సరే, తాగుబోతని రాసి ఫైలు మూసేస్తాం. మీ తరఫున మాట్లాడే దిక్కు ఎలాగూ లేదు."

"ఉండండి మాస్టారూ!" మీసాలాయనకు రోషం పొడుచుకొచ్చింది. "చెయ్యి చూడకుండానే ఒప్పుకున్నాడంటారేం?" అని శవం చెయ్యి అందుకుని వేళ్ళు విప్పాడు. "అరచేతికి అడ్డంగా కోతలు, వేళ్ళ మడతల్లో కూడా. మెట్ల మీద పడితే చర్మం గీరుకుపోతుంది గాని ఇలా తెగదు. కత్తికి అడ్డం పెట్టిన చెయ్యండీ ఇది. ఆ తరవాతే ఆయన మెట్ల మీంచి పడ్డాడు. తాగుబోతట, తాగుబోతు!"

పట్టుకున్నది శవం చెయ్యని అప్పుడు గుర్తొచ్చింది. కానీ పడిపోవడానికి బాగా ఆలస్యమైపోయింది. పరీక్ష ప్యాసైపోయాడు.

అందరూ వ్యానెక్కాక మీసాలాయన చూసుకుంటే తలమీద టోపీ లేదు. లోపలికి పరిగెత్తాడు. మాస్టారు ఒక్కరే ఉన్నారు, వేరే కేసు తాలూకు ఇంకో శవం దగ్గర. వంగి చూస్తున్నారు, కొలుస్తున్నారు, చెయ్యి తిప్పి మళ్ళీ సర్దుతున్నారు. నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. పెదవి కదపలేదు.

మీసాలాయన ఉండబట్టలేక తలుపు దగ్గర్నుంచే అడిగాడు. "ఈయన్ని పలకరించలేదేం మాస్టారూ?"

మాస్టారు ఉలిక్కిపడి తలెత్తారు. "ఎవరు వినడానికి? పోయినవాళ్ళకు వినపడుతుందిటయ్యా, పిచ్చోడా!"

"ప్రతి బ్యాచ్‌లోనూ నీలాంటివాడు ఒకడుంటాడు నాయనా" అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. "జనానికి నవ్వడానికి ఎవడో ఒకడు కావాలి కదా. నాకేం, అలవాటైపోయింది. టోపీ తీసుకుని పో. నోరు జారావంటే మాత్రం బళ్ళ దగ్గరికే పంపిస్తా."

మీసాలాయన టోపీ పెట్టుకుని, మీసం దువ్వుకుని వ్యానెక్కాడు.

"ఏం చేస్తున్నాడోయ్ మన పిచ్చి మాస్టారు?" అన్నాడు బక్కాయన.

"ఏం చేస్తారు? లోపల ఇంకొకాయన దొరికాడు. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని ఆరా తీస్తున్నారు. పెద్దమ్మాయికి సంబంధం కూడా చెబుతున్నట్టున్నారు."

వ్యాను ఊగిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా మీసాలాయనే నవ్వాడు.