చాక్‌పీసులు పట్టించిన పగులు

ఆ రోజుల్లో ఇనుము లోపల ఏముందో చూడ్డానికి మా దగ్గర యంత్రాలేమీ లేవు. కిరసనాయిలు, చాక్‌పీసు పొడి, కాస్త ఓపిక ఉంటే చాలు. (చాక్‌పీసుల విషయంలో నాకు ఓపిక మరీ ఎక్కువ. ఎందుకో చెప్తాను.) డిప్లొమా కాగానే వరంగల్‌లో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో చేరాను. మధ్యాహ్నం అన్నాలకు మిషన్లు ఆగంగనే వాటిని తిప్పే ఇనుప షాఫ్టుకు కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, చాక్‌పొడి చల్లేవాణ్ని. ఎక్కడన్నా పగులుంటే అందులో దూరిన నూనె మెల్లగా ఊరి, తెల్లటి పొడి మీద తడి గీతై కనిపించేది. షాఫ్టు విప్పే పని లేదు, కోసే పని లేదు.

చాక్‌పీసులిచ్చేది పక్క బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ. "ఏం సార్, మళ్ల ఒడిసినయా? మీ మిల్లుల గూడ బడి నడుపుతాన్రా?" అని నవ్వేది. ఆ నవ్వు కోసం మిల్లులో షాఫ్టులన్నీ అయిపోయాక, గేటు గొళ్లేనికి కూడా పరీక్ష చేశాను. మా ఫోర్‌మన్‌ను అందరం మామా అనేవాళ్లం. "అల్లుడా, పగులు షాఫ్టుల లేదు, నీ నెత్తిల ఉన్నది" అనేవాడు.

ఒకనాడు నిజంగానే పెద్ద షాఫ్టు మీద, పుల్లీ పక్కన, వెంట్రుకంత తడి గీత కనిపించింది. సరిగ్గా దాని కిందనే ఆడవాళ్లు వరుసగా కూర్చొని పనిచేసేది. "మామా, మిల్లు ఆపాలె!" అంటే అందరూ ఘొల్లున నవ్వారు. "సీజన్ల ఆపుతరా? టీచరమ్మ చెప్పిందా ఏంది?" అన్నాడు మామ. నాకు ఏడుపొక్కటే తక్కువ. "నీ కాళ్లు మొక్కుత, జర నువ్వే చూడు." మామ నవ్వుకుంటనే తుడిచి, పూసి, పొడి చల్లాడు. గీత మళ్లీ అక్కడే ఊరింది. మామ నవ్వు ఆగిపోయింది. ఎవర్నీ అడగకుండా పోయి, మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు.

మిల్లు ఓనరు సేటు అరిచిన అరుపులు బజారు దాకా వినిపించాయి. కొత్త షాఫ్టు బిగించేసరికి వారం పట్టింది. పాతదాన్ని కోసి చూస్తే పగులు సగం దాకా పోయింది. "ఇంకో రెండు దినాలైతే..." అని మామ ఆడవాళ్లు కూర్చునే వరుస దిక్కు చూశాడు.

ఈ సంగతి చెప్దామని బడికి ఉరికాను. టీచరమ్మకు మరిపెడకు బదిలీ అయ్యిందట, పోయి నాలుగు రోజులట. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకొని మరిపెడ బస్సెక్కాను. దిగి చూస్తే బడికి తాళం. ఆదివారం బడి ఉండదని అంత సన్నని పగులు పట్టినోడికి తట్టలేదు! బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తిని తిరిగొచ్చాను. మళ్లీ పోయే ధైర్యం చాలలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. సెలవు పెట్టి ఒక సోమవారం పోయుంటే బాగుండేదనీ అనిపిస్తుంది.