నేను బాలింతనైన శనివారం

జాతకాల దగ్గర చెడిన పెళ్లిళ్లు మీరు చూసే ఉంటారు. నా పెళ్లి బాలింత పథ్యం దగ్గర చెడబోయింది. బాలింత ఎవరని తొందరపడి అడక్కండి, అక్కడికే వస్తున్నాను.

అనకాపల్లిలో మాది బెల్లం కొట్టు. మార్కెట్‌కి వచ్చిన ప్రతి దిమ్మనీ గిల్లి రుచి చూడటం నా పని. పని మీద అంత శ్రద్ధ ఉన్నవాణ్ణి కాబట్టి ముప్ఫై ఏళ్లు నిండకుండానే నూట ముప్ఫై కిలోలు తూగాను. పెళ్లిచూపులకి వెళ్తే ఆడపిల్లవాళ్లు ముందు కుర్చీ వంక దిగులుగా చూసేవారు, తర్వాత నా వంక. "ఆలోచించి కబురు చేస్తాం" అనేవారు. ఆ కబుర్లు ఇప్పటికీ రాలేదు.

దాంతో రెండువేల ఎనిమిదిలో హైదరాబాద్ వెళ్లి, పొట్టని చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఏడాది తిరిగేసరికి యాభై కిలోలు పోయాయి. "కాల్షియం, విటమిన్ బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే ఎముకలు దెబ్బతింటాయి" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బుద్ధిగా తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు. కొన్నాళ్లు మింగి, సన్నబడ్డవాడికి ఇంకా మందులేమిటని మానేశాను. నమిలితే సున్నం గోడ నాకినట్టుండేవి, అదొకటి.

ఇక మొదలయ్యాయండీ నొప్పులు! మోకాళ్లు, నడుము, భుజాలు, ఆఖరికి వేళ్ల కణుపులు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. సరిగ్గా అప్పుడే సబ్బవరం సంబంధం వచ్చింది. పిల్ల పేరు లలిత. ఫొటోలో ఆ నవ్వు చూసి పడిపోయాను. ఆదివారం మేం పిల్లని చూడటానికి వెళ్లాలి. ఆపరేషన్ సంగతి దాచి, నడిచి తగ్గాడని నాన్న వాళ్లకి చెప్పేశాడు. నడిచి తగ్గినవాడు వాళ్లింటి సోఫాలోంచి లేవలేక మూలిగితే ఈ సంబంధం కూడా గోవిందా!

"డాక్టరుకి ఫోన్ సెయ్యరా" అంది అమ్మ.

"బిళ్లలు మానేశానంటే చంపేస్తాడమ్మా!"

అప్పుడు రంగంలోకి దిగింది మా నూకరత్నం అత్త. నాన్నకి అక్క, గొలుగొండలో ఉంటుంది. మా బంధువుల్లో పురుళ్లన్నీ ఆవిడ చేతిమీదే.

"కడుపు కోసేరా సూరిబాబూ?" అంది నన్ను ఎగాదిగా చూసి.

"చిన్న చిన్న కన్నాలే అత్తా."

"కన్నమైతే కోత కాదేటి? కోసిన కడుపుకి పథ్యం సేసేవా? సెవుల్లో దూదెట్టుకున్నావా? నడుం కట్టుకున్నావా?"

"అవన్నీ ఆడవాళ్లకి గదా?"

"గాలికి ఆడా మగా ఏటి తెలుసురా? పచ్చి ఒంట్లోకి గాలి దూరిపోనాది. అందుకే కీళ్లు పట్టేసేయి. నా సేతిలో ఎట్టు, ఆదివారానికి గంతులేత్తావు."

గంతుల మీద ఆశతో ఒప్పుకున్నాను. నా తలకి గుడ్డ చుట్టింది. చెవుల్లో దూది కుక్కింది. నడుముకి అమ్మ పాతచీర బిగించింది. ఒళ్లంతా నువ్వులనూనె రుద్ది, సలసల కాగే నీళ్లు పోసింది. తర్వాత కాయం. శొంఠి, పిప్పళ్లు, నెయ్యి, వాటన్నిటికంటే ఎక్కువ బెల్లం కలిపి చేసిన ముద్ద అది. ఆపరేషన్ అయిన పొట్టకి తీపి పడదు. మింగిన కాసేపటికి చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, ఇల్లు గిర్రున తిరిగింది.

"అత్తా, పోతున్నానే!"

"గాలి దిగుతోందిరా. ఇంకో ముద్ద తిను."

శనివారం పొద్దున్న అమ్మా నాన్నా మర్నాటి ప్రయాణానికి పళ్లూ పూలూ కొనడానికి వెళ్లారు. అత్త నన్ను నులకమంచం మీద పడుకోబెట్టి, కింద సాంబ్రాణి పొగ పెట్టి, పైన దుప్పటి కప్పింది. అంతలో ఎవరో తలుపు తట్టారు.

"సూరిబాబుగారిల్లిదేనా అమ్మా? ఉప్మాక వెంకన్న దర్శనానికి ఎల్తన్నాం. దారిలో ఓసారి పలకరించి పోదామని..."

దుప్పటి సందులోంచి చూశాను. లలిత! పక్కన వాళ్ల నాన్న! అత్తకి వాళ్లెవరో తెలియదు.

"బేగొచ్చి తలుపేసీండి బాబూ! లోపల బాలింత ఉన్నాది, గాలి తగిలిపోద్ది."

"అలాగా, శుభం! పురుడు ఎవరికమ్మా?"

"మా సూరిబాబుకే!"

చెవుల్లో అంత దూది ఉన్నా ఆ మాట పిడుగులా వినబడింది. ఒక్క ఉదుటున లేవబోయాను. మోకాళ్లు ససేమిరా అన్నాయి. తలగుడ్డతో, నడుముకి చీరతో, పొగ మధ్య నాలుగు కాళ్ల మీద దర్శనమిచ్చాను.

లలిత నన్ను తీరిగ్గా చూసింది. "బాబా, పాపా?" అంది.

"పద తల్లీ" అంటూ వాళ్ల నాన్న గుమ్మం దిగబోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకా దాచడానికి ఏముంది?

"ఎవరూ పుట్టలేదండీ! యాభై కిలోల కొవ్వు పోయింది, అంతే. నడిచి కాదు, ఆపరేషన్‌తో. డాక్టరిచ్చిన బిళ్లలు మానేసి ఈ నొప్పులు తెచ్చుకున్నాను. మీరు సంబంధం వద్దనుకుంటారని భయపడి ఈవిడ చేతికి చిక్కాను."

"నడిచి తగ్గేడన్నారు గదేటి?" అన్నాడాయన కోపంగా.

లలిత పమిట నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. "అది పెద్దోళ్లన్న మాట నాన్నా. ఈయన ఉన్నదున్నట్టు సెప్పేసేరు గదా" అని, నావైపు తిరిగింది. "రేపు మా ఇంటికి వచ్చేటప్పుడు ఆ బిళ్లలు తెచ్చుకోండి. మా అందరి ముందూ మింగాలి."

పెళ్లిచూపుల్లో పిల్ల చేత పాట పాడించడం చూశాం. నా చేత కాల్షియం బిళ్ల నమిలించారు. సోమవారం డాక్టరు ఫోన్లో పెట్టిన చివాట్లకి చెవుల్లో దూది లేనందుకు బాధపడ్డాను. నొప్పులు తగ్గడానికి నెలలు పట్టింది. ఆ ఎండాకాలం మా పెళ్లయింది.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు రాసిన బిళ్ల ఒక్కపూట కూడా మానను, ఈ జన్మలో మళ్లీ పురుడు పోసుకోను. మా ఇంట్లో తొలి పురుడు నాదే. తర్వాతి రెండూ లలితే పోసుకుంది.