వెళ్లొస్తా

నేను వాస్తవిక కథలు రాస్తాను. ఎంత వాస్తవికమంటే, నా కథలో పప్పు మాడితే కాలిఫోర్నియాలో మా శాన్ రామన్‌లో సగం ఇళ్లవాళ్లు లేచి వెళ్లి స్టవ్ కట్టేస్తారు. ఈ మాట అన్నది నేనే అయినా, కాదన్నవాళ్లు ఇంతవరకూ దొరకలేదు. ఎవర్నీ అడగకపోవడం వల్ల కూడా కావచ్చు.

పోయిన వసంతంలో మా వీధి చివర ఉండే మిత్రుడికి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరి, లైబ్రరీ పార్కింగ్‌లో కారు నీడకి పెట్టుకుని, ఉద్యోగాల కోసం ఫోన్లు చేసుకుని, భార్య కట్టిచ్చిన పెరుగన్నం అక్కడే తిని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఇంకో ఉద్యోగం దొరికాక తనే చెబుతానని, ఈలోగా ఆవిడకి తెలిస్తే మొహం చూపించలేనని నాచేత ఒట్టేయించుకున్నాడు. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. కథ రాశాను.

ఆనవాళ్లు చెరపడంలో గజదొంగలు నా దగ్గర శిష్యరికం చేయాలి. మనిషిని లావు చేశాను. మీసం పెట్టాను. సంసారాన్ని సామానుతో సహా దేశానికి ఆ చివరున్న వర్జీనియాకి, హెర్న్‌డన్‌కి తరలించాను. లైబ్రరీని మాల్ చేశాను, పెరుగన్నాన్ని పులిహోర చేశాను. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. తెలుగు సంఘం సావనీర్‌కి పంపితే సంపాదకుడు ఫోన్ చేసి బ్రహ్మాండం అన్నాడు. అని ఊరుకోవచ్చు కదా. ఈసారి ప్రూఫులు దిద్దేది మా మిత్రుడి భార్యేనని, కథ అప్పుడే ఆవిడకి ఈమెయిల్ చేసేశానని కూడా అన్నాడు. మా చుట్టుపక్కల లకీ ళకీ తేడా తెలిసిన ఏకైక మనిషి ఆవిడ.

అక్కడినుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే కుర్చీ పొడిచింది, నిలబడితే నేల కాలింది. గరాజ్ ఊడ్చాను. ఊడ్చిన గరాజ్‌నే మళ్లీ ఊడ్చాను. ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్ చేసుకోవడం మరిచి, "అయిపోయాడు వాడు" అని పైకే అనేశాను. మా మేనేజరూ తెలుగువాడే. ఎవరు, ఏ టీమ్ అని కంగారుగా అడిగాడు.

మిత్రుడికి చెప్పేద్దామని లైబ్రరీకి డ్రైవ్ చేశాను. సీటు వెనక్కి వాల్చుకుని, ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. తిరిగొచ్చి గరాజ్ ఊడ్చాను.

శనివారం ఆవిడే వచ్చింది, ప్రింట్ తీసిన కథ పట్టుకుని.

"అన్నయ్యగారూ, ప్రూఫ్ చేసేశాను. ఒక్క సెంటెన్స్ మాత్రం తప్పు రాశారు."

ఎక్కడమ్మా అన్నాను. ఆ గొంతు నాది కాదు, పక్కింటాయనది.

"గుమ్మం దగ్గర 'ఆఫీస్‌కి వెళ్లొస్తా' అన్నాడని రాశారు. ఆయన అలా అనరు. ఇదివరకు రోజూ అదే అనేవారు. కొన్నాళ్లుగా ఉత్త 'వెళ్లొస్తా'. ముందున్న ఆఫీస్ మాట తీసేశారు. నాతో అబద్ధం ఆడటం ఆయనకి రాదు."

లావూ, మీసం, హెర్న్‌డన్, పులిహోర, వేటి జోలికీ పోలేదు ఆవిడ. ఆయన నోటితో ఆయన చెప్పేదాకా కథ ఆపమంది. ఆపాను. వాస్తవిక రచయిత నేనా, ఆవిడా అన్న సందేహం మాత్రం ఆగలేదు.

సోమవారం పొద్దున చెత్తడబ్బా తోసుకుంటూ, ఏ పనీ లేకపోయినా వీధి చివరిదాకా వెళ్లాను. ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. "వెళ్లొస్తా" అన్నాడు వాడు.

ఆవిడ లంచ్ బ్యాగు అందించింది. "ఇవాళ ఎండ ఎక్కువట. కారు నీడలో పెట్టుకోండి."

వాడు మెట్టు దిగబోయినవాడు దిగలేదు. తర్వాత కారు తాళం జేబులో వేసుకుని ఆవిడ వెనకే లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

నేను వాళ్లింటి ముందే నిలబడిపోయాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడలేదు. ఆ నీడ మాట కథలో వాడుకోవచ్చా అని అడగాలని నాలుక ఒకటే దురద. బెల్ మీద దాకా వెళ్లిన వేలిని వెనక్కి లాక్కుని, చెత్తడబ్బా తోసుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చాక చూస్తే అది మా డబ్బా కాదు.